నిరభ్యంతర జిల్లా

"ఏవండీ, ఆ గుండు అటు పోకుండా ఇటు వస్తేనో?"

దిబ్బరొట్టె మూకుడు మీద మూత పెడుతూ నేనన్న మాట ఇది. అప్పటికింకా ఎక్కడా ఏమీ జరగలేదు. మా అమ్మాయి హిమజ గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. మా వారు పళ్ళెం ముందు కూర్చుని రొట్టె కోసం చూస్తున్నారు. ఆయన జవాబు చెప్పలేదు. చెబుతారని నేనూ అనుకోలేదు.

మా వారి పేరు గంగరాజు. కాలువ లాకు దగ్గర ఉద్యోగం. తలుపులెత్తితే నీళ్ళు హోరుమని దూకే చోట నోరు విప్పి లాభం లేదని, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మాటలు మానేశారు. ఇంటికొచ్చినా ఆ హోరు చెవుల్లోనే ఉంటుందో ఏమో, ఇక్కడా అంతే. పెళ్ళిచూపుల్లో మా నాన్న "పిల్ల నచ్చిందా బాబూ?" అని అడిగితే ఏమీ అనలేదు. మా నాన్న కాసేపు చూసి, అవుననే అనుకుని ముహూర్తం పెట్టించేశారు. నచ్చానో లేదో నాకు ఈరోజుకీ తెలియదు.

"అమ్మా, గుండు వెనక్కి రాదమ్మా. ఎదురుగా క్వారీ గోడుంది, అందులో దిగబడిపోద్ది" అంది హిమజ.

"గోడకి తగిలి వస్తేనో?"

"మట్టి గోడమ్మా!"

"మట్టి గోడా? వర్షానికి కూలితేనో?"

హిమజ బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది. నేను దూది, పసుపు, గ్లూకోజు పొడి, గొడుగు సంచిలో వేసుకుని, మా వారిని వెంటబెట్టుకుని ఆటోలో బయల్దేరాను. అది మా అమ్మాయి మొదటి పోటీ.

ప్రాక్టికల్ పిస్టల్ షూటింగ్ అంటే టీవీలో చూపించినట్టు ఒకచోట నిలబడి ఊపిరి బిగబట్టి కాల్చేది కాదు. పరిగెత్తాలి, వంగాలి, చెక్క కిటికీలోంచి తొంగి చూసి కాల్చాలి, గుళ్ళు అయిపోతే నడుస్తూనే నింపుకోవాలి. ఎదురుగా అట్టతో కత్తిరించిన మనుషులుంటారు. గోధుమరంగు వాళ్ళు దుర్మార్గులు, వాళ్ళని కాల్చాలి. తెల్లవాళ్ళు అమాయకులు, వాళ్ళకి తగిలితే మార్కులు పోతాయి. కొన్నిచోట్ల అమాయకుణ్ణి దుర్మార్గుడికి సగం అడ్డంగా నిలబెడతారు. బయట లోకంలోనూ అమాయకులు నిలబడేది అక్కడే కదా అనిపించింది నాకు.

మా హిమజ నర్సరీలో గులాబీలకి అంట్లు కడుతుంది. ఒకసారి హైస్కూలు డ్రిల్లు మాస్టారు జోసెఫ్ గారు మొక్కలకని వచ్చి, దాని చెయ్యి చూశారు. బ్లేడు పట్టుకుంటే వేలు కదలదు. "ఈ చేతిలో పిస్టల్ పెట్టాలమ్మా" అన్నారట. ఎవరైనా ఆడపిల్ల చెయ్యి చూసి అనే మాటేనా అది? కానీ అదే మాట దాన్ని పట్టుకుంది. ఊరి బయట వదిలేసిన కంకర క్వారీలో జిల్లా ప్రాక్టికల్ పిస్టల్ షూటింగ్ సంఘం ఉంది. పిస్టళ్ళు సంఘానివే. ఇనప్పెట్టెలో ఉంటాయి. నర్సరీ పని కాగానే సాయంత్రాలన్నీ అక్కడే. రాష్ట్ర జట్టులో చోటు కావాలి దానికి. ఇంకేమీ అక్కర్లేదట.

ఆ ఆటలో ఒక నియమముంది. జోసెఫ్ మాస్టారు రేంజి ఆఫీసరు. ఆయన చేతిలో టైమరు పట్టుకుని వెనకాల నిలబడి "ఆర్ యూ రెడీ?" అని అడుగుతారు. ఆడేవాళ్ళు అవునని చెప్పక్కర్లేదు. కాదంటేనే 'నాట్ రెడీ' అని నోరు విప్పాలి. ఏమీ అనకపోతే సిద్ధమన్నట్టే. అప్పుడు "స్టాండ్ బై" అంటారు. టైమరు బీప్ అంటుంది. ఇక ఢాం ఢాం.

ఆరోజు మాస్టారు అడిగారు. మా అమ్మాయి ఏమీ అనలేదు. నేనే అన్నాను.

"ఆగండి! దాని జడ ఊడిపోతోంది!"

సంఘం కార్యదర్శి భీమశంకరం గారు నా దగ్గరికొచ్చారు. రిజిస్ట్రేషను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మాట్లాడితే దస్తావేజు చదివినట్టుంటుంది.

"అమ్మా, తమరు సంఘ సభ్యులా?"

"కాదండీ, పిల్ల తల్లినండీ."

"ఆ హోదా నియమావళిలో లేదు. సదరు కుటుంబం తరఫున అనుబంధ సభ్యులుగా గంగరాజు గారు నమోదై ఉన్నారు. వారి అభిప్రాయమే అభిప్రాయం. తమరిది ప్రేక్షకుల శబ్దం."

"శబ్దమేంటండీ?"

"కాకులు, లారీ హారన్లు, గేదెలు. ఆ కోవలోనిది."

మా వారి వైపు చూశాను. కాకులకీ గేదెలకీ నన్ను జతచేసినా ఆయన ఏమీ అనలేదు.

ఆ రోజుల్లోనే పై సంఘం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అభ్యంతరమన్నది ఒక్కటీ రాకుండా ఏడాది పొడుగునా పోటీలు నడిపిన జిల్లాకి "నిరభ్యంతర జిల్లా" అనే బిరుదు, ఇత్తడి డాలు ఇస్తారట. భీమశంకరం గారి ముఖం మతాబాలా వెలిగింది. వెంటనే షామియానా వేయించి సభ పెట్టారు.

"సభ్యులారా! తూటాలు నింపిన తుపాకీ ధరించిన వ్యక్తి విషయంలోనే మౌనమును సంసిద్ధతగా స్వీకరించుచున్నాము. అటువంటప్పుడు కుర్చీలో ఊరికే కూర్చున్న వ్యక్తి విషయంలో స్వీకరించుటకు ఆటంకమేమి? ఇకపై సంఘ వ్యవహారములన్నిటికీ ఇదే నియమము. సభ్యులు సిద్ధమా?"

సభ్యుల్లో బట్టల షాపాయన ఉన్నారు, పళ్ళ డాక్టరున్నారు, రైసు మిల్లాయనున్నారు. అందరి పిల్లలూ పోటీల్లో ఉన్నారు. రాష్ట్ర జట్టుకి పేర్లు పంపేది భీమశంకరం గారు. అందరూ బూట్ల వైపు చూసుకున్నారు.

"ప్రతికూల స్పందన లభించనందున ఆమోదించబడినది."

అక్కణ్ణించి పనులు ఎంత చురుగ్గా సాగాయంటే, మన మునిసిపాలిటీ వాళ్ళొచ్చి నేర్చుకోవాలి. మంచినీళ్ళ కుండ తీసేద్దామా అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. తీసేశారు. టైమరు పాడైంది, బాగుచేయించేదాకా బీప్ శబ్దం మాస్టారే నోటితో చేస్తే సరిపోదా అన్నారు. మాస్టారు నోరు తెరిచారు గానీ, అధికారులు అభ్యంతరం చెప్పకూడదని ఉత్తర్వులో ఉందట. ఆ తెరిచిన నోటితోనే "బీప్" అన్నారు. పాపం, క్లాసులో పిల్లలంతా ఆయన్ని చూసి లేచి నిలబడతారు. అలాంటి మనిషి సిగ్గుపడుతూ చేతిరుమాలు అడ్డం పెట్టుకుని "బీప్" అంటుంటే నాకే తల కొట్టేసినట్టుండేది.

ఉపాధ్యక్షుల ఎన్నిక వచ్చింది. పాత ఉపాధ్యక్షులు పేరిశాస్త్రి గారు పోయి చాలా కాలమైంది. ఆయన ఫొటోకి దండేసి వేదిక మీద కుర్చీలో పెట్టారు. "శాస్త్రి గారూ, తమరు తిరిగి బాధ్యత స్వీకరించుటకు సిద్ధమా?" అని వంగి అడిగారు భీమశంకరం గారు. కాసేపు ఆగారు కూడా. ఏకగ్రీవమైపోయింది. ఆ ఏడు ఆదర్శ సభ్యుడి శాలువా కూడా ఫొటోకే కప్పారు.

క్వారీ పక్కనున్న గేదె ఒకటి ఎప్పుడూ కాల్చే దారిలోకొచ్చి పడుకునేది. దాన్ని కూడా అడిగారు. "పోటీ ప్రారంభమగుచున్నది. తమకు అభ్యంతరమా?" గేదె నెమరేసుకుంది. "పోటీ సాగించవచ్చును" అన్నారు. నేనే పరిగెత్తి దాని కొమ్ముకి మా వారి కండువా కట్టి పక్కకి లాక్కొచ్చాను. పొడుస్తుందేమోనని భయం లేక కాదు. కానీ దాన్ని చంపిన పాపం మా పిల్లకి చుట్టుకుంటేనో?

ఇలాంటి సంఘంలో మా వారు పైకి రాకుండా ఎలా ఉంటారు? ముందు భద్రతాధికారి అన్నారు. ఆయన ఏమీ అనలేదు. తర్వాత అప్పీళ్ళ కమిటీ అధ్యక్షుడన్నారు. అప్పుడూ అంతే.

నిజం చెప్పాలంటే అప్పీళ్ళ పని ఆయనకి బాగా అబ్బింది. గుండు గీతకి తగిలిందా, బయటే ఉందా అని తగాదా వస్తే అట్ట పట్టుకుని ఆయన దగ్గరికొచ్చేవాళ్ళు. ఒకసారి మిల్లాయన కొడుకు ఊగిపోతూ వచ్చాడు.

"చూడండి బాబాయ్ గారూ! గీతకి ఆనుకునే ఉంది కదండీ! మాస్టారు మార్కు కొట్టేశారండి!"

మా వారు రంధ్రం వైపు చూశారు. తర్వాత కుర్రాడి వైపు చూశారు. మళ్ళీ రంధ్రం వైపు.

"అంటే... ఆనుకుని అంటే పూర్తిగా కాదనుకోండి..."

మా వారు చూస్తూనే ఉన్నారు.

"సర్లెండి, బయటే ఉంది. వెళ్ళొస్తానండి."

తీర్పుకి వచ్చిన వాళ్ళందరూ ఇలాగే వాళ్ళ తీర్పు వాళ్ళే చెప్పుకుని దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది. అయినా ఇంటికొచ్చాక ఊరుకుంటానా?

"ఒక్కసారి 'వద్దు' అంటే మీ నోటి ముత్యాలేం రాలిపోతాయండీ? ఈ లెక్కన రేపు మిమ్మల్ని ఏం చేసినా అడిగే దిక్కుండదు."

ఆయన కాళ్ళు కడుక్కుంటున్నారు. హిమజ నవ్వింది. "నాన్నని ఏం చేస్తారమ్మా? నువ్వు మరీను!"

నా జన్మలో నేను భయపడని భయం లేదు. రైలు బ్రిడ్జి కూలుతుందని, గ్యాసు బండ పేలుతుందని, పనసతొన గొంతుకి అడ్డం పడుతుందని, అన్నిటికీ ముందే భయపడి ఉంచుకున్నాను. కానీ ఆఖరి పోటీ రోజు జరిగింది మాత్రం నాకు ముందుగా తట్టలేదు. తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆరోజు పై సంఘం నుంచి పరిశీలకులు వచ్చారు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో కొబ్బరిబోండాం. ఇత్తడి డాలు ఆయన పెట్టెలోనే ఉందట. మధ్యాహ్నానికి అందరి ఆటా అయిపోయింది. మా హిమజ ఒక్కతే మిగిలింది. అప్పటిదాకా పట్టికలో అదే ముందుంది. చివరి వరస ఒక్కటి సరిగ్గా కాలిస్తే రాష్ట్ర జట్టులో చోటు దానిదే. భోజనాలకి లేచారు.

అట్టల సంగతి ఇక్కడ చెప్పాలి. చిల్లులు పడ్డ అట్టల మీద కాగితం అతికించి మళ్ళీ వాడతారు. ఆ గమ్ము డబ్బా వాసన చూస్తే నాకు దడ. ఊపిరితిత్తులకి ఎక్కితేనో? అందుకని ఆరోజు పొద్దున్న నేనే ఇంట్లో మైదా ఉడికించి, చీమలు పట్టకుండా కాస్త ఉప్పేసి గిన్నెడు జిగురు పట్టుకెళ్ళాను. తెల్లట్టలకి కొత్త కాగితం నిండా దానితోనే అతికించారు.

భోజనాలు చేసి వచ్చేసరికి గేదె తెల్లట్టలన్నీ తినేసింది. గోధుమరంగు వాటిని నాకి వదిలేసింది. అమాయకుడన్నవాడు క్వారీలో ఒక్కడూ మిగల్లేదు.

"కొత్త అట్ట కోయండి" అన్నారు జోసెఫ్ మాస్టారు.

"అట్టలు నిండుకున్నవి. తెప్పించుసరికి పరిశీలకుల వారి రైలు వెళ్ళిపోవును" అన్నారు భీమశంకరం గారు.

"అమాయకుడు లేకుండా కానిచ్చేద్దామండి."

"అందరికీ ఇచ్చిన అమాయకుణ్ణి ఈమెకు ఇవ్వకపోవుట వివక్ష. అభ్యంతరమునకు దారితీయును."

"పోనీ తెల్ల తువ్వాలు కట్టండి!" అన్నాను నేను. శబ్దమే అనుకోండి, అయినా అన్నాను.

భీమశంకరం గారు ఆమోదించిన నక్షా విప్పి చదివారు. "'దుర్మార్గునికి సగము అడ్డముగా, కదలని తెల్లని మానవాకారము ఒకటి.' తువ్వాలు గాలికి కదులును. పైగా మానవాకారము కాదు."

ఆయన తలెత్తారు. అందరూ తలెత్తారు. అప్పీళ్ళ కుర్చీలో మా వారు కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. కదలకుండా.

నేను గొడుగు పట్టుకుని లేచి నిలబడ్డాను.

"గంగరాజు గారూ, తమరు కొద్దిసేపు అమాయకుని స్థానమును అలంకరించుటకు సిద్ధమా?"

మా వారు ఆయన వైపు చూశారు. మిల్లాయన కొడుకైతే ఆ చూపుకి ఎప్పుడో సర్దుకుని వెళ్ళిపోయేవాడు. భీమశంకరం గారు అలాంటి మనిషి కాదు.

"ప్రతికూల స్పందన లభించలేదు."

మా వారు లేవలేదు. లేవనని కూడా అనలేదు. అందుకని కుర్చీతో సహా ఎత్తారు. బట్టల షాపాయన ఒక పక్క, పళ్ళ డాక్టరు ఒక పక్క పట్టుకుని ఊరేగింపులో దేవుణ్ణి మోసినట్టు మోసుకెళ్ళి, గోధుమరంగు దుర్మార్గుడి ముందు సగం అడ్డంగా దింపి, నక్షా చూసి కాస్త ఎడమకి జరిపారు.

"ఏవండీ భీమశంకరం గారూ! ఆయనకి తగిలితేనో?" అని కేకేశాను.

"భయపడవద్దమ్మా. అమాయకునికి తగిలిన పక్షంలో పది మార్కులు తగ్గించబడును. నియమము చాలా కఠినముగా ఉన్నది."

హిమజ పరిగెత్తుకొచ్చింది. "నాన్నా! లే, ఇటొచ్చెయ్! ఏంటండీ ఇది? నేను కాల్చను!"

"అమ్మాయీ, ఆ మాట ఇప్పుడు చెల్లదు. రేంజి ఆఫీసరు అడిగిన పిమ్మట చెప్పవలెను. చెప్పిన పక్షంలో, జిల్లాలో అభ్యంతరం తెలిపిన మొదటి క్రీడాకారిణిగా నీ పేరు పట్టిక నుండి కొట్టివేయబడును. తర్వాత నీ ఇష్టం."

దాని ముఖం చూశాను. అది కాల్చదు. నా కూతురు నాకు తెలియదా? మాస్టారు అడగ్గానే కాదంటుంది. పట్టికలోంచి పేరు పోతుంది. వేళ్ళ నిండా గులాబీ ముళ్ళు గుచ్చుకున్న చేత్తోనే ఇన్ని సాయంత్రాలు ఇక్కడ గడిపింది. అదంతా పోతుంది.

మాస్టారు నా పక్కకి జరిగి చిన్నగా అన్నారు. "చెల్లెమ్మా, పిల్ల అభ్యంతరం చెబితే పిల్ల పేరు పోద్ది. సభ్యులెవరైనా చెబితే మాత్రం ఆట ఆపి, అమ్మాయికి మళ్ళీ అవకాశం ఇవ్వాలి. రూలు అలా ఉంది. ఒక్క సభ్యుడు చాలు. ఆయ్, ఒక్కడు."

నేను షామియానా కిందికి పరిగెత్తాను.

"డాక్టరు గారూ, ఒక్క మాటనండి బాబూ!"

డాక్టరు గారు గడియారానికి తాళం తిప్పుకున్నారు. ఆ గడియారానికి తాళమే లేదు.

"మిల్లు గారూ, మీరైనా!"

"మా వాడి పేరు కూడా పట్టికలో ఉంది కదమ్మా" అన్నారు ఆయన, నేల చూస్తూ.

బట్టల షాపాయన ఏకంగా వెళ్ళి గేదె వెనక నిలబడ్డారు. పరిశీలకుల వారి దగ్గరికెళ్ళి చేతులు జోడించాను. "మేము పరిశీలిస్తాం తల్లీ. అంతవరకే" అని బోండాంలో మిగిలిన నీళ్ళు పీల్చారు.

హిమజ వచ్చి గీత దగ్గర నిలబడింది. పిస్టల్ నడుముకున్న ఒరలోనే ఉంది. తూటాలు నింపుకోమని మాస్టారు చెప్పారో లేదో ఎవరికీ వినిపించలేదు. అది నింపుకోనూ లేదు. రెండు చేతులూ పక్కకి వేలాడేసి, ఎదురుగా కుర్చీలో కూర్చున్న వాళ్ళ నాన్న వైపు చూస్తోంది. కళ్ళలో నీళ్ళు. నేను సంచిలోంచి దూది తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఆర్ యూ రెడీ?"

క్వారీ అంతా నిశ్శబ్దం. షామియానా గుడ్డ కూడా కదల్లేదు. భీమశంకరం గారు సంతోషంగా కళ్ళు మూసుకున్నారు. జిల్లా మొత్తం ఒక్కసారిగా మాట్లాడకుండా ఉండటం ఆయనకి సంగీతంలా ఉన్నట్టుంది. గేదె నెమరేస్తున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

"స్టాండ్... బై" అన్నారు మాస్టారు, చర్చిలో ప్రార్థన చేసినట్టు.

ఇక బీప్ అనాలి. ఆయన చేతిరుమాలు తీశారు. పెదాలు కలిపారు. విప్పారు. మళ్ళీ కలిపారు. బీప్ రాలేదు. నాకు ఏడుపొస్తోంది. హిమజ ఊపిరి పీల్చుకుంది. దాని పెదవి కదలబోతోంది. అది 'నాట్' అనేలోపు ఇంకెవరైనా, ఎవరైనా...

అప్పుడు ఎవరో దగ్గారు.

ఆ గొంతు అక్కడెవరూ ఎప్పుడూ విననిది. కాలువ తలుపు తుప్పు రాలుతూ పైకి లేస్తున్నట్టుంది. భీమశంకరం గారు ఉలిక్కిపడి, షామియానా కింద కుర్చీలో ఉన్న పేరిశాస్త్రి గారి ఫొటో వైపు చూశారు. సభ్యులందరూ ఫొటో వైపే చూశారు. నేను మాత్రం కుర్చీ వైపు చూశాను. తెల్ల చొక్కాలో కదలని మానవాకారం మెల్లగా చెయ్యి పైకెత్తింది.

"లేదండీ మాస్టారూ," అన్నారు మా వారు. "ఆ గుండు అటు పోకుండా ఇటు వస్తేనో?"